తుఫాను వెళ్లిన తరువాత నీరు

(నెల్లిమర్లలో స్త్రీల, యువజనుల కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది సంవత్సరములో గుడులను గురించి, బడులను గురించి పెద్దలు ఎన్నో సంగతులు చెప్పారు. మాకు ఇచ్చిన అంశము చిన్నది: బిందెడు మంచినీరు. అది ఎంత పెద్ద సంగతో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నము దగ్గర తీరము దాటిన దినమున మన ప్రాంతమువారికి తెలిసినది.

మన ఊరు చంపావతి ఒడ్డున ఉన్నది. విజయనగరం పట్టణమునకు సైతము ఇక్కడి ఏటినుండి కొంత నీరు వెళ్లుచున్నది. ఇట్టి ఊరిలో నీటికి కరువేమిటని అనుకొనేవారము. గాలికి కరెంటు స్తంభములు పడిపోయినవి. కరెంటు లేనిదే మోటారు తిరుగదు. మోటారు తిరుగనిదే ట్యాంకు నిండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరము దాటినప్పుడు ఉద్దానమువారికి కూడ ఇదే కష్టము వచ్చినది. చుట్టూ నీరే, తాగుటకు మాత్రము లేదు. అట్టి సమయమున ఆదుకొన్నవి మనము మరచిపోయిన బోరింగులు, పాత నూతులు.

ఇక్కడ మా పొరపాటు ఒకటి ఒప్పుకొనవలెను. గుడి ప్రక్కనున్న నూతిలోనికి ఆకులు, వీధి మురుగు చేరినవి. యువకులతో కలిసి చెత్త తీయించి, రెండు గుప్పిళ్ల బ్లీచింగు పౌడరు పైనుండి చల్లించి, పని అయిపోయినదనుకొన్నాము. అప్పటికే బిందెలతో వరుస కట్టారు. “అయ్యగారూ, పిల్లలు దాహమని ఏడుస్తున్నారండి” అని తల్లులు అన్నారు. మేము గడియారము చూడలేదు. తోడుకోండి అని చెప్పాము. మూడవ దినమున ఆ వరుసలోని ఒక ఇంటి పసివానికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. ఉప్పు పంచదార కలిపిన నీరు పట్టిస్తూ ఆసుపత్రికి చేర్చారు. దేవుని కృపవలన బ్రతికినాడు. ఆ నూతి నీటివలననే వచ్చినదని రుజువు చేయలేము. కాదని మా మనస్సాక్షికి చెప్పుకొననూ లేము.

యెరికో ఊటలో ఎలీషా ఉప్పు వేసి నీటిని బాగుచేసిన సంగతిమీద వేదాంత కళాశాలలో ప్రసంగము వ్రాసినవారము మేము. కాని మన నూతిలో ఏమి, ఎంత, ఎట్లు వేయవలెనో మాకు తెలియలేదు. ఆ తరువాత ఆరోగ్య కార్యకర్త యొద్ద కూర్చుండి నేర్చుకొన్నాము.

ముందు నూతిని కొలవవలెను. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీరు ఉన్న గుండ్రని నూతిలో సుమారు 28 వేల లీటర్లు ఉండును. మామూలు దినములలో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పౌడరు చొప్పున దానికి 70 గ్రాములు చాలును. బురద, మురుగు కలిసినప్పుడు ఎక్కువ పట్టును, ఏలయనగా మందును బురదయే తినివేయును. ఎంత ఎక్కువో ఆరోగ్య సిబ్బంది పరీక్షించి చెప్పుదురు. పౌడరును పైనుండి చల్లరాదు. బకెట్టులో నీటితో కలిపి, సున్నము అడుగుకు దిగనిచ్చి, పైతేటను వేరొక బకెట్టులోనికి వంచి, దానిని త్రాటితో నూతిలోనికి దించి బాగుగా కలియబెట్టవలెను. తరువాత కనీసము ఒక గంట ఎవరును తోడరాదు. క్రిములు చచ్చుటకు ఆ సమయము కావలెను. మూత తీసి ఉంచిన పాత పౌడరుకు బలము ఉండదు.

“ఈ మందు వాసన నీరు ఎలా తాగేది?” అని కొందరు అవ్వలు అడుగుదురు. అవ్వా, ఆ కొద్దిపాటి వాసన బిందెలో కూడ కాపలా ఉన్నదనుటకు గురుతు. నూతికి మందు వేయలేని చోట నీటిని తేర్చి, గుడ్డతో వడగట్టి, తెర్లించి తాగవలెను.

మరియొక మాట. సహాయ శిబిరములలో మనిషికి దినమునకు 15 లీటర్లయినా ఉండవలెనని లోకమంతట సహాయకులు పాటించు లెక్క. మన అనుభవములో ట్యాంకరు మెయిన్ రోడ్డు మీదనే ఆగును. చివరి పేటకు చేరుసరికి అడుగునీరు మిగులును. బలముగలవాడు నాలుగు బిందెలు పట్టును, ముసలమ్మ ఒట్టి బిందెతో తిరిగిపోవును. అట్టి దినమున మన సంఘస్థులు ట్యాంకరుకు ముందు నడచి దానిని చివరి పేటకు తీసికొనిపోవలెను. అక్కడివారు మన సంఘస్థులా కాదా అని అడుగవద్దు.

గనుక ప్రతి సంఘములో ఇద్దరు ఈ పనికి ముందుకు రావలెను. కొలతాడు, రెండు బకెట్లు, త్రాడు, గట్టి మూతగల డబ్బాలో క్రొత్త పౌడరు సిద్ధముగా ఉంచుకొని, అక్టోబరు రాకముందే బోరింగులను బాగుచేయించవలెను. వచ్చే శనివారము ఉదయము మన గుడి నూతిని కొలుతుము. యువజనులు త్రాడు తీసికొని రండి. మేము ఈసారి గడియారము తెచ్చెదము.

ప్రభువు మనకు సహాయము చేయునుగాక.