కూల్చకపోతే చాలదు

ఎవరి స్మృతిలో ఈ సభ జరుపుకుంటున్నామో ఆ గురువుగారు చట్టాన్ని ఎంత గౌరవించేవారో, మేస్త్రీ చేతిని అంత గౌరవించేవారు. నేనీ రోజు ఆ రెండింటి గురించే మాట్లాడతాను.

2019లో తెలంగాణ మంత్రివర్గం హైదరాబాదులోని ఇర్రంమంజిల్‌ను పడగొట్టి, ఆ స్థలంలో కొత్త శాసనసభా భవనం కట్టాలని నిర్ణయించింది. నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన మహలు అది. పౌరులు కోర్టుకెక్కారు. సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఈ కేసు వెనుక చట్టాల కథ ఒకటుంది: 1981 నాటి జోనింగ్ నిబంధనల్లో 1995లో 13వ నిబంధనను చేర్చి, వారసత్వ కట్టడాలకు రక్షణ కల్పించారు. 2015లో ప్రభుత్వం దాన్ని తీసేసింది. 2017లో వారసత్వ కట్టడాలకు వేరే చట్టం వచ్చింది. ఇన్ని మలుపుల మధ్య ఒక కట్టడాన్ని న్యాయస్థానం నిలబెట్టిందంటే అది చిన్న విషయం కాదు. ఆ పౌరులకు నగరమంతా రుణపడి ఉంది.

అయితే చట్టం కూల్చొద్దని చెప్పగలదు గానీ, ఏటా తొలకరికి ముందు మేడెక్కి తూముల్లో పేరుకున్న ఆకులు తీయించలేదు. గోడ పగులులో మొలిచిన రావిమొక్కను వేళ్లతో సహా పెకలించలేదు. ఆ పని ఆగిపోయిన కట్టడం, ఎవరూ ముట్టుకోకపోయినా కూలిపోతుంది. 1591 నాటి చార్మినార్‌కు కేంద్ర పురావస్తు శాఖ రక్షణ ఉంది. అయినా 2019 మే నెలలో దాని మీనారు మీది గారపని కొంత ఊడి కిందపడింది.

అసలు పనే చేయకపోవడం కన్నా తప్పుగా చేయడం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. డంగు సున్నంతో కట్టిన గోడ చెమ్మను పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే ఆ చెమ్మకు బయటికి దారి ఉండదు. దానితో పాటు లోపలే ఉండిపోయిన ఉప్పు గట్టిపడి, రాయినీ ఇటుకనూ పొరలు పొరలుగా రాలుస్తుంది. పైకి మాత్రం గోడ కొత్తదిలా కనిపిస్తుంది. బిల్లు మంజూరవుతుంది. నాలుగు వానాకాలాలు గడిచాక మళ్లీ టెండరు పిలుస్తారు.

సరిగా చేస్తే ఎలా ఉంటుందో కుతుబ్ షాహీ సమాధుల దగ్గర చూడొచ్చు. ఆగాఖాన్ ట్రస్టు 2013లో మొదలుపెట్టిన పని 2024లో పూర్తయింది. అంతకుముందు మరమ్మతుల్లో పూసిన సిమెంటును ఒలిచేసి సున్నంతో తిరిగి చేశారు. 2013 వానలకు గోడ కూలిన అక్కడి మెట్లబావి బడీ బావ్లీని కూడా తిరిగి నిలబెట్టారు. పదకొండేళ్లు పట్టిందని విసుక్కునేవారు అక్కడికి వెళ్లి ఆ గచ్చును ఒకసారి చేత్తో తాకి చూడాలి.

సున్నాన్ని రోజుల తరబడి నానబెట్టి, గానుగలో రుబ్బి, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపే పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. వారికి దక్కే కూలి ఆ నేర్పుకు తగినట్టు లేదు. ఈ పనిని ఐటీఐలలో నేర్పాలి. వారసత్వ కట్టడాల మరమ్మతును తక్కువ ధర చెప్పినవారికి కాక, సున్నం పని తెలిసిన మేస్త్రీలున్నవారికే ఇవ్వాలి. ప్రతి కట్టడానికీ ఏటా నిర్వహణ నిధి విడిగా కేటాయించాలి. ఈ వేదిక మీదినుంచి ప్రభుత్వాన్ని నేను అడుగుతున్నది ఈ మూడే.