ఊరి కాపుదల – మేలుకీళ్ల విచారణ



పట్టణములు పెరిగి పెరిగి పొలిమేరలు దాటి పల్లెలలోనికి వచ్చుచున్న కాలమిది. నిన్నటివరకు జొన్నచేలున్న చోట నేడు ఇండ్ల స్థలముల రాళ్లు పాతియున్నవి. ఒకప్పుడు ఊరిలోనికి క్రొత్తమనిషి వచ్చినచో రచ్చబండ మీది పెద్ద “ఎవరింటికి నాయనా?” యని యడిగెడివాడు. నేడు మన యెదురింటివాని పేరు మనకు తెలియదు. ఇట్టి పేటలలోను, పేటలు కాబోవు పల్లెలలోను పోలీసువారు సభలు చేసి, “మీరును మేమును కలిసి కాపుదల చేసికొందము, సంఘముగా నేర్పడుడు” అని చెప్పుచున్నారు. మాట మంచిదే. ఐతే ఒక యేడాది గడచిన పిమ్మట ఆ పని మేలు చేసినదో, కీడు చేసినదో, ఏమియు చేయలేదో తేల్చుటెట్లు? ఆ తీర్పు చెప్పవలసినవారు గ్రామపెద్దలైన మీరే. కావున నేడు ఆ విచారణనే మీ ముందుంచుచున్నాను.

ఊరి కాపుదలకు ఊరే బాధ్యత వహించుట మనకు క్రొత్త గాదు. దొంగ యడుగుజాడ గ్రామము దాటి బయటికి పోకున్నచో ఆ దోషము గ్రామాధిపతిదే యని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పినది. జాడ ఏ యూరి పొలిమేరలోనికి పోయి మాసిపోయినదో ఆ యూరే సొమ్మునకు జవాబు చెప్పుకొనవలెను. తలారికిని కావలివానికిని ఊరు పంటలో భాగ మిచ్చెడిది. 1816వ సంవత్సరమున చెన్నపట్టణపు ప్రభుత్వము చేసిన నిబంధనము గ్రామపు పెద్దకును తలారికిని పోలీసు పనిని అప్పగించినది. పిమ్మట 1859లో ఉడుపుగల పోలీసు దళము వచ్చినది. 1984లో మునసబు కరణముల యుద్యోగములు రద్దయినవి. అధికారమంతయు ఠాణాకు చేరినది, ఠాణా యన్ననో ఊరికి దూరము. ఆ దూరమును తగ్గించుటకే యిప్పటి యీ ప్రయత్నము.

ఇట్టి ప్రయత్నములను శ్రద్ధతో పరీక్షించిన వృత్తాంతములు కొన్ని కలవు. అమెరికా దేశమున మిచిగన్ రాష్ట్రములో ఫ్లింట్ అను నగరమున్నది. మోటారు కార్ల కర్మాగారములతో బ్రతికిన యూరది. అక్కడ పోలీసులు కార్లలో తిరుగుటకు మరిగి, జనుల ముఖములను గాని జనులు వారి ముఖములను గాని ఎఱుగని స్థితి యేర్పడెను. 1979లో మాట్ ధర్మనిధివారి ధనసాహాయ్యముతో 14 పేటలలో 22 మంది పోలీసులను కాలినడకన తిరుగుటకు నియమించిరి. వీధివీధికి పోవుట, అరుగుల మీది ముసలివారిని పలుకరించుట, పిల్లల తగవులు తీర్చుట, పాడుపడిన యిండ్లను గుర్తించి పైవారికి తెలుపుట, ఇదియంతయు వారి పనియే. మూడు సంవత్సరములు గడచినంతట రాబర్ట్ ట్రోజనోవిచ్ అను నాచార్యుడు తన సహచరులతో కూడి ఫలితమును లెక్క గట్టెను. ఆ పేటలలో నేరములు నూటికి 8.7 వంతున తగ్గినవి. పోలీసులను రమ్మని ఠాణాకు వచ్చెడి పిలుపులు మాత్రము నూటికి 42 వంతున తగ్గినవి.

ఈ రెండు లెక్కలకు నడుమ గల యంతరమును గమనింపుడు. నేరములు కొంచెము తగ్గినవి, పిలుపులు మిక్కిలి తగ్గినవి. ఏలయన, పంపునీటి తగవును, ఇరుగుపొరుగుల కేకలను ఠాణాదాక మోసికొని పోవలసిన పనిలేక, వీధిలోనున్న మనిషితోనే చెప్పుకొని చక్కబెట్టుకొనిరి. 1982లో ధర్మనిధి సాయము ముగియగా, ఆ నగరవాసులు తమపై పన్ను పెంచుకొనుటకు ఓటు వేసి ఆ యేర్పాటును నిలుపుకొనిరి. కష్టకాలములో జేబునుండి ధనము తీసి యిచ్చుటకంటె గట్టి సాక్ష్యము మఱియొకటి యుండదు.

ఇంతటితో ఆగినచో కథ సుఖాంతమే. కాని న్యూజెర్సీ రాష్ట్రమున న్యూవార్క్ అను నగరములో 1978–79 సంవత్సరములలో ఇట్టి నడకపోలీసునే పరీక్షించి చూడగా, నేరముల లెక్క మారనే లేదు. ఐనను ఆ పేటలవారు తమకు భయము తగ్గినదని చెప్పిరి. ఇందు మోసమేమైన నున్నదా? నా యభిప్రాయమున లేదు. భయము కూడ ఒక దుఃఖమే. సాయంకాలమైనంతట తలుపు బిగించుకొను వృద్ధురాలు తిరిగి వాకిట కూర్చుండగలిగినచో అది లాభమే. ఐతే భయము తగ్గుట వేఱు, అపాయము తగ్గుట వేఱు. ఒకదానిని చూపి రెండవది సిద్ధించినదనుట మాత్రము తగదు.

లెక్కలను చదువుటలో మఱి మూడు చిక్కులున్నవి. మొదటిది, ఠాణాకు పోవుటకే జనులు భయపడు చోట ఫిర్యాదులు తక్కువగా నుండును. నమ్మకము కలిగిన పిమ్మట, ఇంతకుముందు నోరు మూసికొనిన ఆడువారును బీదలును వచ్చి చెప్పుకొందురు. అప్పుడు లెక్క పెరుగును. పెరిగిన లెక్కను చూచి పని చెడినదనుకొనుట పొరపాటు. రెండవది, జ్వరము పట్టరానంత పెరిగిననాడు వైద్యుని పిలుతుము. జ్వరము తనంతట తానే దిగినను కీర్తి మందునకు పోవును. దొంగతనములు మిక్కుటమైన సంవత్సరమున కావలి పెట్టి మరుసటి యేడు తగ్గినవనుటయు నట్టిదే. కావున కావలి లేని యిరుగు గ్రామమున ఆ యేడు ఏమైనదో కూడ చూడవలెను. మూడవది, మన యూరు వదలిన దొంగ ఆ యిరుగు గ్రామమునకే పోయెనేమో విచారింపవలెను. పొరుగువాని కొట్టము మీదికి నిప్పు తోసి మన యిల్లు చల్లబడినదని సంతోషింపరాదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న: మేలు ఎవరికి కలిగినది? టెక్సస్ రాష్ట్రపు హ్యూస్టన్ నగరమున 1983–84లో పేటలలో చిన్న ఠాణాలు తెరచి, ఇంటింటికి పోయి, సంఘములు కూర్చి పనిచేసిరి. పరీక్షకులు చూడగా, స్వంత యిండ్లు గలవారికిని తెల్లవారికిని మేలు కనబడినది. అద్దె యిండ్లవారికిని నల్లజాతివారికిని ఆ యేర్పాటు సంగతియే చాలవరకు తెలియలేదు. సభకు పిలిచినప్పుడు వచ్చువారెవరు? తీరికయు ఆస్తియు గలవారు. కావున సభలో వినబడినది ఊరి మాట యనుకొనుటకు వీలులేదు.

ఈ మాట చెప్పునప్పుడు నాకొక సంగతి జ్ఞప్తికి వచ్చును. దానిని చాల సంవత్సరములు ఎవరికిని చెప్పలేదు. నేను తెలుగు పండితుడనై ఒక పల్లెటూరి పాఠశాలలో క్రొత్తగా చేరిన దినములవి. మునసబు ఉద్యోగములు పోయిన మరుసటి యేడో, ఆపై యేడో. ఒక్క నెలలో మూడిండ్లకు కన్నములు పడెను. పెద్దలు కూడి యువకులను వంతులవారీగా కఱ్ఱలతో లాంతరులతో రోంద తిరుగుటకు ఏర్పాటు చేసిరి. ఆ వంతుల పట్టికను నా చేతనే వ్రాయించిరి. మొదటివారము ఊరంతయు కంటినిండ నిద్రించెను. పిమ్మట నొకనాటి రాత్రి చెఱువుగట్టు చింతచెట్టు క్రింద పండుకొనియున్న యొక మనిషిని పట్టుకొనిరి. వాడు తట్టలు బుట్టలు అల్లి అమ్ముకొనువాడు. బాకీ వసూలు చేసికొని, బండి తప్పిపోగా అక్కడ నడుము వాల్చితినని మొత్తుకొనెను. ఎవరింటి బాకీ యని ఒక్కరైన నడుగలేదు. తెల్లవారి ఒక యిల్లాలు వచ్చి, “వీడు మా యింటికే వచ్చినాడు గదా, నేనే డబ్బిచ్చినాను” అని యేడ్చునప్పటికి వాని మోచేయి విరిగియుండెను.

నేను రచ్చబండ దగ్గఱ నుంటిని. ఒక్క ప్రశ్న వేసినచో ఆగెడివారేమో. వేయలేదు. ఆ వేసవిలో మఱి కన్నములు పడలేదు. కావలి ఫలించినదని పెద్దలు సంతోషించిరి. కాని ఆ లెక్కలో వాని చేయి చేరలేదు. అల్లికపనివానికి చేయి యన నేమో మీరే యూహింపుడు. దొంగ యెవరో తుదకు తేలనే లేదు.

తోచినవానిని దొంగయనుట మన దేశమున ఒక చట్టముగా కూడ నుండెను. 1871లో తెల్లదొరలు చేసిన నేరజాతుల చట్టము పుట్టుకచేతనే కొన్ని జాతులను నేరస్థులని ముద్ర వేసినది. స్టువర్టుపురమున ఎఱుకలవారికి సెటిల్మెంటు ఏర్పడినది ఆ విధానమువలననే. స్వతంత్రము వచ్చిన పిమ్మట 1952లో ఆ చట్టము పోయినది. కాని మనస్సులలోని ముద్ర పోయినదా? 2018 వేసవిలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు, పార్థీ ముఠాలు వచ్చినవని చేతి ఫోనులలో వదంతి పుట్టి తెలుగునాట వ్యాపించినది. జనులు క్రొత్తవారిని పట్టి కొట్టిరి. హైదరాబాదు నగరములోనే ఒక నిరపరాధి ప్రాణము పోయినది.

ఆ కాలముననే జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలో జరిగినది విని తీరవలసినది. అప్పటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి గారు గ్రామమునకొక పోలీసును చొప్పున నియమించి, వారు ఊరివారితో కలిసిమెలిసి యుండునట్లు చేసియుండిరి. నాలుగువందలకు పైగా గ్రామములలో ఇది జరిగినది. వేసవిలో ఆరుబయట పండుకొను జనులు తలుపులు బిగించుకొని లోపల నుండుటను ఆ పోలీసులు చూచి, కారణమడిగి, వదంతి సంగతిని పైవారికి తెలిపిరి. వెంటనే వారు ఇంటింటికి పోయి అది అబద్ధమని చెప్పిరి. డప్పు వాయించి, జానపదుల పాటలు కట్టించి పాడించిరి. ఆ రెండు జిల్లాలలో ఆ వదంతివలన ఒక్క ప్రాణమైనను పోలేదు. ఇక్కడ పోలీసు కనిపెట్టినది దొంగను కాదు, ఊరి భయమును. ఊరు తనకు తెలిసినవాని మాటను నమ్మినది. నా కథలోని చింతచెట్టు క్రింద లేనిది ఇదియే: ఆగి యడుగువాడు, అడిగినచో వినబడువాడు.

ఐతే ఇట్టి పని అన్నిచోట్ల ఫలించునని చెప్పజాలను. బ్రెజిల్, కొలంబియా, లైబీరియా, పాకిస్తాను, ఫిలిప్పీన్సు, ఉగాండా అను ఆరు దేశములలో పండితులు ఏకకాలమున పరీక్షించి 2021లో ఫలితము ప్రకటించిరి. నేరములు తగ్గలేదు, పోలీసులయందు నమ్మకమును పెరుగలేదు. కారణములు విచారింపగా మూడు తోచినవి. పై యధికారులకు పట్టుదల లేకపోవుట యొకటి. ఊరి ముఖములు తెలియుచుండగనే పోలీసును వేఱుచోటికి బదిలీ చేయుట రెండవది. జనులు చెప్పిన కష్టమును తీర్చుటకు చేతిలో సాధనము లేకపోవుట మూడవది. సభ పెట్టి కష్టము చెప్పుమని, చెప్పినదానిని చెవిని పెట్టకున్నచో, పెట్టని సభయే మేలు.

నేడు పేటలలో చందాలు వేసికొని నిఘా కెమెరాలు నిలుపుచున్నారు. వాని యుపయోగము వానికి కలదు. జరిగిన పిమ్మట ఎవరు వచ్చినది చూపును. కాని కెమెరా “ఎవరింటికి నాయనా?” అని యడుగజాలదు. దాని సొమ్ము చెల్లించి మన బాధ్యత తీరినదనుకొనరాదు.

కావున అయ్యలారా, మీ యూరికి ఇట్టి సంఘము వచ్చినచో యేడాదికొకమారు రచ్చబండ దగ్గఱ కూర్చుండి ఐదు ప్రశ్నలు వేసికొనుడు. నేరము తగ్గినదా, భయము మాత్రము తగ్గినదా? ఇరుగు గ్రామమున ఏమి జరిగినది? మన మాలమాదిగ పల్లెలవారు, అద్దెకున్నవారు, ఒంటరి స్త్రీలు ఈ సంఘమును గూర్చి ఏమనుచున్నారు? వారిని వారి వాకిటనే యడుగుడు, సభకు పిలిచి యడుగకుడు. ఊరివారు చెప్పిన కష్టములలో ఎన్ని తీరినవి? కడపటిది, ఈ కాపుదల పేరిట ఒక నిరపరాధికి దెబ్బ తగిలినదా? మొదటి నాలుగింటికి ఎంత మంచి జవాబు వచ్చినను, ఐదవదానికి “అవును” అని వచ్చినచో ఆ కాపుదలను ఆపి దిద్దుకొనవలసినదే.

కఱ్ఱ పట్టుటకు యువకులున్నారు. ప్రశ్న వేయవలసినవారు పెద్దలు. నేను వేయని ప్రశ్న నలువది యేండ్లుగా నన్ను వెంటాడుచున్నది. మీరు వేయుదురుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.