ప్రత్తి పండించు ఇల్లు – బట్ట కట్టు ఇల్లు



పొత్తిగుడ్డ మొదలు దీపపు వత్తి వరకు తెలుగువారి యింట ప్రత్తి లేని దినము లేదు. అట్టి ప్రత్తి ఎవరి చేతులమీదుగా, ఎంతటి మూల్యమునకు వచ్చుచున్నదో విచారించుట గృహస్థధర్మము.

ప్రత్తికి పురుగుల బాధ మెండు. 1997-98లో వరంగల్లు జిల్లాలో పంట దెబ్బతిని, అప్పుల భారమునకు తాళలేక పలువురు రైతులు ఆత్మహత్య చేసికొనిరి. మందు కొట్టినకొలది పురుగు దానికి అలవాటుపడినది. పురుగును తినెడు అక్షింతల పురుగులు, సాలీళ్లు నశించినవి. 2002లో బీటీ ప్రత్తికి అనుమతి లభించినది. కొంతకాలము మేలు కలిగినను, పిదప గులాబిరంగు పురుగు దానికిని లొంగలేదు.

నేడు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనున్న పునుకుల గ్రామము వేరొక త్రోవ త్రొక్కినది. వేసవి దుక్కి, చేనిలో ఆముదము, బంతి మొక్కలు, పక్షులు వ్రాలుటకు కొమ్మలు, వేపగింజల కషాయము – ఇవియే సాధనములు. 2004 నాటికి ఆ గ్రామము పురుగుమందులను విడిచినది. వేపగింజల పని పేద స్త్రీలకు జీవనాధారమైనది. మందుల దుకాణమునకు పోవలసిన ధనము ఇంటనే నిలిచినది.

అయితే పురుగుమందు మానినంత మాత్రమున అది సేంద్రియ ప్రత్తి కాదు. రసాయనిక ఎరువులను, జన్యువులు మార్చిన విత్తనములను కూడ విడువవలెను. 2006లో జనగామ ప్రాంతపు ఏనెబావి గ్రామము అట్లే చేసి, సేంద్రియ గ్రామముగా ప్రకటించుకొన్నది. కాని నేల మారుటకు కొన్నియేండ్లు పట్టును. ఆ కాలమున దిగుబడి తగ్గవచ్చును. ధర మాత్రము సామాన్య ప్రత్తిదే లభించును. ఆ భారమును రైతు ఒంటరిగా మోయుట న్యాయము కాదు.

కట్టుకొనువారికి రెండు బట్టలును ఒక్కతీరుననే తోచవచ్చును. భేదము కట్టినవారి యొంటికంటె పండించినవారి యింట, వారి బావినీటిలో ఎక్కువగా నుండును. ఖద్దరు అన్నంతనే సేంద్రియమని తలపరాదు. ఖద్దరు వడకు, నేతల విధానము, సేంద్రియము సేద్యపు విధానము. కావున కొనునపుడు గాట్స్ వంటి ధ్రువీకరణ ముద్ర కలదా యని విక్రేతను అడుగవలెను. నెలజీతముపై బ్రదుకు కుటుంబము బట్టలన్నియు అట్లు కొనజాలదు. పండుగకు ఒక్క జత కొని, చిరుగువరకు కట్టినను చాలును. అది ఇంటికి పొదుపు, రైతునకు ఊరట.