భౌతికశాస్త్రము చదివిన నేమి వచ్చును?



ఇంటర్మీడియెటులో చేరు బాలబాలికలును, వారికంటె ముందుగా వారి తలిదండ్రులును నన్నడుగు ప్రశ్న యొకటి కలదు: “భౌతికశాస్త్రము చదివిన నేమి వచ్చును?” దీనికి విశాఖపట్టణమునుండియే సమాధానము చెప్పెదను.

1892వ సంవత్సరమున చంద్రశేఖరయ్యరుగారు గణిత భౌతికశాస్త్రములను బోధించుటకై యీ పట్టణమునందలి ఎ.వి.ఎన్. కళాశాలకు వచ్చిరి. వారి కుమారు డిచ్చటనే పెరిగి, పదుమూడవయేట ఎఫ్.ఏ. పరీక్షయం దుత్తీర్ణుడయ్యెను. ఎఫ్.ఏ. యనగా నేటి ఇంటర్మీడియెటు వంటిది. ఆ బాలుడే సర్ సి. వి. రామన్.

ఆ చదువు వారికి వెంటనే శాస్త్రజ్ఞుని కొలువు నీయలేదు. 1907లో వారు కలకత్తాలో ప్రభుత్వ ఆర్థికశాఖయందు చేరిరి. పగలు జమాఖర్చులు, తక్కిన వేళల పరిశోధనము. 1917లో ఆ పెద్దజీతమును విడిచి, తక్కువ జీతమునకే ఆచార్యపదవి నంగీకరించిరి.

సముద్రము నీలముగా నుండుటకు ఆకాశపు ప్రతిబింబమే కారణమని యానాటి పండితుల మతము. 1921లో ఓడపై స్వదేశమునకు మరలుచు రామన్‌గారు దీనిని పరీక్షించిరి. ఒక్క దిశను కంపించు కాంతినిమాత్రమే పోనిచ్చు నికోల్ పట్టకముతో, తగిన కోణమున జూచి, నీటిపై ప్రతిఫలించిన వెలుగును తొలగించిరి. నీలిమ పోలేదు సరికదా, మరింత చిక్కనయ్యెను! నీటి యణువులే కాంతిని చెదరగొట్టుచున్నవని తేలెను. ఈ విచారణయే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితమునకును, 1930లో నోబెల్ బహుమానమునకును దారితీసెను. కాంతిధ్రువణ మింటర్మీడియెటు పాఠమే సుమా!

వారికడ పరిశోధనము చేసిన సూరి భగవంతంగారు 1932లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి, యీ తీరముననే భౌతికశాస్త్రమును బోధించిరి. పిమ్మట రక్షణమంత్రికి శాస్త్రసలహాదారులైరి. నేడు విశాఖలో కరగిన యినుము వేడిమిని తాకకయే వెలుగునుబట్టి కొలుచువారికిని, నీటిలో ధ్వని గమనమును శోధించు నౌకాదళ ప్రయోగశాలవారికిని ఈ శాస్త్రమే యాధారము.

కాని, సూత్రములను వల్లించి ప్రవేశపరీక్షలు దాటుటయే చదువైనచో నీ దారులు తెరచుకొనవు. విద్యార్థిదశలో నేను లఘులోలకమును ఊగనీయకయే, పాత నోటుపుస్తకమునుండి యంకెలు దింపితిని. గురుత్వత్వరణపు విలువ సరిగానే వచ్చెను. నాకుమాత్ర మేమియు రాలేదు.

కావున విద్యార్థులారా! మీ యంకెలను మీరే కొలువుడు. తప్పువచ్చిన నేల వచ్చెనో వెదకుడు. ఒక సాయంకాలము పోలరాయిడ్ అద్దముతో సముద్రతీరమునకు పొండు. దానిని త్రిప్పుచు నీటిని చూడుడు. ఏమి వచ్చునో యప్పుడు మీకే తెలియును.