వకీలు దగ్గరికి వెళ్ళేముందు



సభల్లో మనం ధింసా గురించి, పండుగల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి వకీలు గురించి మాట్లాడుకుందాం. భూమి తగాదా వచ్చినా, ఇంట్లో కుర్రాణ్ణి పోలీసులు పట్టుకెళ్ళినా మనవాళ్ళు ముందు వెతికేది వకీలుని కాదు. సంతలో "నాకు తెలిసినాయన ఉన్నాడు" అనే మధ్యవర్తిని. డబ్బు వెళ్తుంది, రసీదు రాదు.

1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు తెగలవారికి ఉచితంగా వకీలుని పెట్టాలి. ఆదాయంతో పని లేదు. కోర్టు ఫీజు కూడా న్యాయసేవాధికార సంస్థే భరిస్తుంది. అలా వచ్చిన వకీలు మన దగ్గర పైసా తీసుకోకూడదు. అడిగితే ఆ సంస్థకే రాసివ్వండి. 15100కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు.

ఉచితమైనా, ఫీజు ఇచ్చి పెట్టుకున్నా మొదట ఒకటి అడగండి: "అయ్యా, 1/70 కేసులు చూశారా?" మన ఏజెన్సీ భూమి గిరిజనేతరుడి చేతిలో ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసింది అతనే. ఈ కేసులు వినేది స్పెషల్ డిప్యూటీ కలెక్టరు. పట్నంలో ఎంత పేరున్న వకీలైనా ఈ దారి తెలియకపోతే మనకి ఏళ్ళు పోతాయి. మన అనంతగిరి మండలం గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసు హైకోర్టులో ఓడిపోయింది. అక్కడితో ఆగకుండా సుప్రీంకోర్టుకి వెళ్తే 1997లో గెలిచింది.

పట్టా, అడంగల్, కుల ధ్రువపత్రం జిరాక్సులే ఇవ్వండి, అసలువి ఇంట్లో ఉంచండి. వకాల్తా చదివించుకుని సంతకం పెట్టండి, ఖాళీ కాగితం మీద వద్దు. ప్రతి వాయిదా తేదీ నోటుబుక్కులో రాసుకోండి. అమ్మమ్మకి కువి తప్ప రాకపోతే మీలో ఒకరు పక్కన కూర్చుని ఆమె మాట ఉన్నదున్నట్టు చెప్పండి. మీ అభిప్రాయం కలపొద్దు! వకీలుకి నిజం దాచకండి, మీరు చెప్పింది ఆయన బయటపెట్టకూడదు.

ఇక గంజాయి. మూట మోసినందుకు నాలుగు వేలిస్తామంటారు. 20 కిలోలు దాటితే బెయిలే కష్టం. పట్టుబడినవాడికి 18 నిండకపోతే కేసు జువెనైల్ బోర్డుకి వెళ్ళాలి, వయసుకి స్కూలు కాగితమే ఆధారం. మొదటిరోజే అది వకీలు చేతిలో ఉండాలి. హాస్టల్ పిల్లల ప్రవేశ రిజిస్టర్లు మా వార్డెన్ల దగ్గరే ఉంటాయి. ఏ స్కూల్లో చదివాడో చూసి చెబుతాం, రాత్రయినా వచ్చి తలుపు కొట్టండి.