పెట్టె వచ్చినది – తాళపుచెవి ఎవరి వద్ద?

(ఖరగ్‌పూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో నాకు అప్పగించిన అంశము "కార్యాలయములలో రౌటర్ స్థాపన – ఉద్యోగుల బాధ్యతలు, హక్కులు" అనునది. యూనియన్ తరగతిలో యంత్రము గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి తోచవచ్చును. రిజర్వేషన్ కౌంటరులోని గుమాస్తాకు, గూడ్సు ఆఫీసులోని ఉద్యోగికి, సేవింగ్స్ బ్యాంకు కౌంటరులోని తపాలా ఉద్యోగికి నేడు పని సాగుటయు, ఆగుటయు ర్యాక్‌లో బిగించిన ఆ పెట్టె మీద ఆధారపడి ఉన్నది. అది ఆగిననాడు క్యూలో నిలిచిన మనిషి తిట్టునది పెట్టెను కాదు, కౌంటరు వెనుక కూర్చున్న మనలను. పై అధికారి సంజాయిషీ కోరునది కూడా మనలనే. సంజాయిషీ చెప్పవలసినవానికి విషయము తెలిసి ఉండవలెను. నేటి ప్రసంగమునకు కారణమిదే.

కూడలియు, సార్టింగ్ అరయు

రౌటర్ అనగా ఏమిటో ఖరగ్‌పూర్ వాసులకు చెప్పుట సులభము. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము నుండి శ్రీకాకుళం, విశాఖ ప్రాంతముల నుండి మన వారు ఇక్కడికి వచ్చి వర్కుషాపులోను, యార్డులోను చేరినారు. మూడు, నాలుగు తరములుగా ఈ కూడలిని చూచుచున్నారు. హౌరా వైపు ఒక దారి, టాటానగర్ వైపు ఒక దారి, బాలాసోర్ మీదుగా మన ఆంధ్ర వైపు ఒక దారి, మిద్నాపూర్ మీదుగా ఆద్రా వైపు ఒక దారి. వచ్చిన బండి ఏ దారిన పోవలెనో చూచి ఆ దారిన పంపుట కూడలి పని. రౌటర్ చేయునది కూడా ఇదే. బండ్లకు మారుగా సమాచారపు పొట్లములు వచ్చును, అవే ప్యాకెట్లు.

తపాలా సోదరులకు మరియొక పోలిక చెప్పెదను. 1972 ఆగస్టు 15న మన దేశములో పిన్‌కోడ్ ప్రవేశపెట్టబడినది. ఖరగ్‌పూర్ పిన్‌కోడ్ 721301. విశాఖలోని ఆర్.ఎం.ఎస్. సార్టర్‌కు ఇక్కడి వీధులు తెలియనక్కరలేదు. మొదటి అంకె 7 చూచి తూర్పు ప్రాంతమునకు పోవలసినదని గ్రహించును. బెంగాలు చేరిన తరువాత 721 చూచిన వారు మిద్నాపూర్ వైపు పంపుదురు. చివరి మూడంకెలు పంపిణీ చేయు ఆఫీసును తెలుపును. దూరముగా ఉన్నవానికి స్థూలముగా తెలిసిన చాలును. దగ్గరవానికి సూక్ష్మముగా తెలియవలెను.

ఐ.పి. చిరునామా అమరిక ఇట్టిదే. నాలుగు సంఖ్యలు, ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు. రౌటర్‌లోని దారుల పట్టిక మన సార్టింగ్ పట్టిక వంటిది. ఒక చిరునామాకు పట్టికలో రెండు పద్దులు సరిపోయినచో, ఎక్కువ అంకెలు కలిసిన పద్దునే రౌటర్ అనుసరించును. 721కి ప్రత్యేకముగా ఒక సంచి ఉండగా 7 అను పెద్ద సంచిలో ఉత్తరము వేయము గదా! ఏ పద్దుకును చెందని పొట్లములను పంపుటకు ఒక సాధారణ మార్గము నిర్ణయింపబడి ఉండును. దానినే డిఫాల్ట్ రూట్ అందురు. ప్రతి పొట్లము మీద ఒక లెక్క కూడా ఉండును. ఒక్కొక్క రౌటర్ దాటినప్పుడు అది ఒకటి చొప్పున తగ్గి, సున్న అయినప్పుడు పొట్లము రద్దగును. దారి తప్పిన ఉత్తరము రెండు ఆఫీసుల మధ్య ఎడతెగక తిరుగకుండుటకే ఈ కట్టుబాటు.

ఒక దారి తెగినచో ఏమగును? హౌరా లైనులో అవరోధము వచ్చినప్పుడు కొన్ని బండ్లను ఆద్రా, ఆసన్‌సోల్ మీదుగా మళ్ళించవచ్చును. రౌటర్లు కూడా అట్లే చేయును. స్టేషను మాస్టరు బ్లాకు పరికరము మీద పక్క స్టేషనును పలుకరించినట్లు, అవి పొరుగు రౌటర్లను పలుకరించుచుండును. విరివిగా వాడు ఓ.ఎస్.పి.ఎఫ్. పద్ధతిలో సాధారణముగా 10 సెకండ్లకొకసారి పలకరింపు. 40 సెకండ్లు జవాబు రానిచో ఆ దారి తెగినదని భావించి మరియొక దారి లెక్కగట్టును. అయితే రెండవ దారి నిజముగా వేరు దారియై ఉండవలెను. రెండు ఫైబర్ కేబుళ్ళును ఒకే కందకములో పూడ్చినచో మట్టి త్రవ్వు యంత్రము ఒక్క వేటుతో రెంటిని తెంచును. కాగితము మీద రెండు దారులు, నేలలో ఒకే దారి! దీనిని అడిగి తెలిసికొనుడు.

బిగించుట

ర్యాక్ వెడల్పు 19 అంగుళములు, అనగా 482.6 మి.మీ. ఎత్తును కొలుచు ప్రమాణము "యు". ఒక యు 44.45 మి.మీ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలలోను, రైల్వే సిగ్నల్ గదులలోను రిలేలు అమర్చిన చట్రములే ఈ ర్యాక్‌లకు పూర్వులు. కావున మన టెలికాం కార్మికునికి ఇది క్రొత్త వస్తువు కాదు. పాత ఇంటిలోనికి వచ్చిన క్రొత్త కోడలు.

మొదట ర్యాక్‌ను నేలకు బిగించవలెను. బ్యాటరీలు, యు.పి.ఎస్. వంటి బరువులు అడుగున ఉండవలెను. పైన బరువు పెట్టిన ర్యాక్ ముందునకు ఒరిగి మనిషి మీద పడగలదు. పెద్ద రౌటర్‌ను ఒక్కడే ఎత్తరాదు. ఒకడు పట్టుకొనగా మరియొకడు మరలు బిగించవలెను. ఒక్కడినే పంపి పని ముగించుమను అధికారికి ఈ మాట స్పష్టముగా చెప్పుడు. గాలి లోనికి పోవు వైపును, వేడి వెలువడు వైపును కాగితపు కట్టలతో మూయరాదు. ఏ.సి. యంత్రము నీరు కారు చోటి క్రింద ర్యాక్ పెట్టరాదు. కేబుళ్ళు దూరిన రంధ్రములను మూయవలెను. లేనిచో ఎలుకలు ప్రవేశించును.

తరువాతది ఎర్తింగ్. విద్యుత్తు కలుపుటకు ముందే ఎర్తు తీగ కలుపవలెను. ఈ వరుసను ఎవరును తారుమారు చేయరాదు. ఎలక్ట్రానిక్ సిగ్నల్, టెలికాం పరికరములకు ఎర్తు నిరోధము 1 ఓమునకు మించరాదని ఆర్.డి.ఎస్.ఓ. నిర్దేశించినది. ఖరగ్‌పూర్‌ది ఎర్రని లేటరైట్ నేల. వేసవిలో అది ఎండినకొలది నిరోధము పెరుగును. సరిగా ఆ కాలములోనే కాలబైశాఖి గాలివానలు పిడుగులతో వచ్చును. తలపైన 25 వేల వోల్టుల తీగ, ప్రక్కన పిడుగు, క్రింద ఎండిన నేల! వర్షాకాలములో కొలిచి వ్రాసిన అంకెను వేసవికి చెల్లుబాటు చేయరాదు. ఎండలలో మరల కొలిచి రిజిస్టరులో తేదీతో వ్రాయుడు.

టెలికాం గదులలోని 48 వోల్టుల డి.సి. సరఫరాలో ధన ధ్రువము భూమికి కలుపబడి ఉండును. ఇతర చోట్ల ఋణ ధ్రువమును భూమికి కలుపుటకు అలవాటుపడిన చేయి ఇక్కడ పొరబడవచ్చును. కావున మీటరుతో చూచి మరీ కలుపుడు. రెండు విద్యుత్ సరఫరాలు ఉన్నచో వానిని వేరువేరు స్విచ్చుల నుండి తీసికొనుడు. ఫైబర్ కొనలోనికి కంటితో చూడరాదు. అందులోని కాంతి కంటికి కనబడదు కాని కంటికి హాని చేయగలదు.

అమర్చుట

పెట్టె బిగించుట సగము పని. మిగిలిన సగము దానికి ఆజ్ఞలు నేర్పుట. కన్సోల్ కేబుల్‌తో కంప్యూటరును కలిపి, రౌటర్‌కు ఒక పేరు పెట్టి, గడియారము సరిదిద్ది, ఫ్యాక్టరీ నుండి వచ్చిన పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చవలెను. ఆ పాస్‌వర్డ్ లోకమంతటికి తెలిసినదే. దూరము నుండి నడుపుటకు టెల్‌నెట్ పద్ధతి మూసివేసి, సంకేత భాషలో నడచు ఎస్.ఎస్.హెచ్. పద్ధతినే ఉంచవలెను. తరువాత ప్రతి ద్వారమునకు చిరునామా, దారుల పట్టిక, ఎవరిని లోనికి రానీయవలెనో తెలుపు నియమములు.

ఇచట ఒక ముఖ్య విషయము. అనేక రౌటర్లలో ఇచ్చిన ఆజ్ఞలు మొదట తాత్కాలిక స్మృతిలో మాత్రమే ఉండును. వానిని శాశ్వత స్మృతిలో భద్రపరచుమని వేరుగా చెప్పవలెను. చెప్పనిచో పని బాగుగానే నడచును. అమర్చినవాడు సంతకము పెట్టించుకొని వెళ్ళును. కొన్ని మాసముల తరువాత ఒక రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్ నేర్చినదంతయు మరచి పాత స్థితికి వచ్చును. కావున అప్పగింతకు ముందు పెట్టెను ఒకసారి ఆపి మరల నడిపి చూపుమని కోరుడు. ఒక కేబుల్ తీసి, రెండవ దారిన పని సాగునో లేదో చూపుమని కోరుడు. ఇవి మన ఎదుటనే జరుగవలెను.

నేనెరిగిన ఒక కార్యాలయములో పాస్‌వర్డ్ కాంట్రాక్టరు పంపిన కుర్రవాని వద్ద మాత్రమే ఉండెను. అతడు ఆ ఉద్యోగము మానివేసినాడు. రౌటర్ నిలిచిననాడు తెరువగలవారు లేరు. పింఛను కొరకు వచ్చిన వృద్ధులు మధ్యాహ్నము దాక బల్లల మీద కూర్చుండిరి. మరునాడు నోటీసు అందినది కాంట్రాక్టరుకు కాదు, కౌంటరు గుమాస్తాకు. ఆ కాంట్రాక్టు కుర్రవానిని నేను నిందించుట లేదు. అతడును కార్మికుడే, తక్కువ కూలికి, ఉద్యోగ భద్రత లేక పనిచేసినవాడు. తాళపుచెవిని కార్యాలయము తన వద్ద ఉంచుకొనకపోవుటయే అసలు లోపము.

బహనగా నేర్పిన పాఠము

2017 నవంబరులో ఈ ఖరగ్‌పూర్‌లోనే 800 మార్గముల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ నడకలోనికి వచ్చినది. అది గర్వింపదగిన విషయమే. అయితే ఇదే ఖరగ్‌పూర్ డివిజన్‌లో 2023 జూన్ 2న బహనగా బజార్ స్టేషను వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోనికి మళ్ళి, నిలిచి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించినారు. మన ఆంధ్ర వైపు వచ్చు బండి అది. మన కుటుంబములు ఎక్కు బండి అది.

రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినదేమి? గతములో సిగ్నల్ సర్క్యూటులో చేసిన మార్పులోను, నాడు లెవెల్ క్రాసింగు గేటు వద్ద జరిగిన పనిలోను లోపములున్నవని తేలినది. పెట్టెలోని తీగల మీది గుర్తులు వాస్తవముగా కలిపిన తీరుతో సరిపోక, ఆ తప్పు ఏండ్ల తరబడి ఎవరి కంటను పడలేదని తేలినది. 2022 మే 16న ఇదే డివిజన్‌లోని బాంక్రా నయాబాజ్ వద్ద ఇట్టి తీగల పొరపాటే జరిగినదనియు, అప్పుడే సరిదిద్దుకొని ఉన్నచో ఈ ప్రమాదము తప్పి ఉండెడిదనియు నివేదిక చెప్పినది.

ఇంటర్‌లాకింగ్ వేరు, కార్యాలయపు రౌటర్ వేరు. ఈ రెంటిని ఎన్నడును కలగలుపరాదు. రౌటర్ ఆగినచో కౌంటరు ఆగును. ఇంటర్‌లాకింగ్ తప్పినచో ప్రాణములు పోవును. కాని పని అలవాటు ఒక్కటే. తీగకు రెండు కొనలయందును గుర్తు పెట్టని చేయి ఒక గదిలో ఒక తీరుగను, మరియొక గదిలో మరియొక తీరుగను పనిచేయదు. పటము మీద లేని మార్పు ఏ గదిలోనైనను ప్రమాదమే. గుర్తు, పటము, రిజిస్టరు – ఈ మూడును ప్రయాణికునికి రక్ష. నిరపరాధియైన ఉద్యోగికి కూడా ఇవే సాక్ష్యము.

మన కోర్కెలు

ఈ విషయములను దృష్టిలో నుంచుకొని ప్రతి శాఖయు తన పరిపాలనాధికారుల ముందు ఈ క్రింది కోర్కెలు ఉంచవలెనని సూచించుచున్నాను.

1. రౌటర్ అప్పగింత పత్రము మీద సంతకము కోరుటకు ముందు తీగల పటము, చిరునామాల జాబితా, అమరిక యొక్క నకలు, ఎర్తు నిరోధపు కొలత ఇవ్వవలెను.

2. పాస్‌వర్డ్ సీలు చేసిన కవరులో కార్యాలయపు అధికారి వద్ద భద్రముగా ఉండవలెను. అమర్చినవారు వెళ్ళిన వెంటనే దానిని మార్చవలెను.

3. ప్రతి కార్యాలయమునకు కనీసము ఇద్దరు ఉద్యోగులకు పని గంటలలోనే, జీతముతో శిక్షణ ఇవ్వవలెను. సెలవు దినమున సొంత ఖర్చుతో నేర్చుకొమ్మనుట శిక్షణ కాదు.

4. శిక్షణయు, అధికారమును ఇవ్వని ఉద్యోగిని యంత్రలోపమునకు బాధ్యుని చేయరాదు.

5. ఈ పనిలోని కాంట్రాక్టు కార్మికులకు న్యాయమైన వేతనము, భద్రతా సాధనములు ఇవ్వవలెను. స్థిరమైన పనికి స్థిరమైన ఉద్యోగులను నియమించవలెను.

సోదరులారా! 1927–28లో బెంగాల్ నాగపూర్ రైల్వే యాజమాన్యము కార్మికులను తొలగింపబూనినప్పుడు ఈ పట్టణము ఎదిరించి నిలిచినది. ఆ పోరాటములో ముందు నిలిచిన నాయకులలో మన వి.వి. గిరి ఒకరు; 1969లో వారు రాష్ట్రపతి అయినారు. నాటి ప్రశ్న పని ఉండునా, పోవునా అనునది. నేడు దానికి మరియొక ప్రశ్న తోడైనది: పని తెలిసినవాడు ఎవడు? 2013 జూలైలో తంతి సేవ ముగిసినది. మోర్సు సంకేతముల నేర్పు ఎరిగినవారికి క్రొత్త విద్య నేర్పిన చోట వారు నిలిచినారు. నేర్పని చోట మూలకు నెట్టబడినారు. యంత్రమును ఆపుట మన ధ్యేయము కాదు. యంత్రము వచ్చునప్పుడు దాని విద్యయు మన వద్దకు రావలెననుటయే మన ధ్యేయము.

రేపు మీ కార్యాలయమునకు పోయి ర్యాక్ తలుపు తెరచి చూడుడు. కేబుళ్ళకు గుర్తులున్నవా? ఎర్తు కొలిచిన తేదీ ఉన్నదా? పాస్‌వర్డ్ ఎవరి వద్ద ఉన్నది? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు వ్రాసి మీ శాఖా కార్యదర్శికి అందజేయుడు. మన కోర్కెల పత్రము ఆ కాగితముతోనే ప్రారంభమగును.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!