అందని చోట నట్టు బిగించుట



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము వినుటకు మిక్కిలి చిన్నది. విమానములో చేయి దూరని సందున నున్న నట్టును బిగించుట యెట్లు అనునదే ఆ విషయము. ఇది మనకేల అని పెద్దలు కొందరు తలంపవచ్చును. కాని కడచీల జారిపోయిన బండిచక్రము ఏ గతి పట్టునో యెరిగినవారికి నా మాట క్రొత్తగా తోపదు.

నేను చిరకాలముగా అమెరికాదేశమున టెక్సాసు రాష్ట్రమందు ఉద్యోగము చేయుచున్నవాడను. ఆ దేశమున తమ విమానమును తామే కట్టుకొని యెగురువారు వేలకొలది కలరు. 1903వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన కిట్టీహాకు చెంత మొదట నెగిరిన రైటుసోదరులు సైకిళ్ల దుకాణము నడుపుకొన్నవారే గదా! 1953లో పాల్ పోబరెజ్నీ యనునతడు మిల్వాకీ పట్టణమున ఇట్టివారి కొక సంఘమును నెలకొల్పెను. 1970 మొదలుకొని ఓష్‌కోష్ అను నూర, 2020లో తప్ప, ఏటేట వేసవిలో వారు విమానములతో గుమికూడుచున్నారు. పనిలో అధికభాగము విద్యకో వినోదమునకో స్వహస్తముతో చేసికొనవలెననియు, పిమ్మట పరీక్షాధికారి చూచి పత్రమీయవలెననియు అచ్చటి శాసనము. నేనును మా యింటి మోటారుకొట్టములో ఇద్దరు కూర్చుండదగిన అల్యూమినియపు విమానము నొకదానిని ఆరేండ్లు కట్టితిని. అందు రెక్కలు కట్టుట కష్టమనుకొంటిని. కష్టము అచ్చట లేదు, నట్టులలో నున్నది.

విమానపు బోల్టును వట్టి చేతిబలముతో బిగింపరాదు. వదులైనచో అదురునకు కీలు ఆడి ఆడి లోహము అలసి విరుగును. మితిమీరి బిగించినచో బోల్టు సాగి సన్నబడి తానే తెగును. కావున ఎంత త్రిప్పుబలము కావలెనో లెక్క యేర్పరచినారు. అంగుళము పొడవు గల పానా కొనకు ఒక పౌను బరువు వ్రేలాడదీసినచో కలుగు బలమును అంగుళపౌను అందురు. అంగుళములో 3/16 వంతు మందము గల బోల్టుకు 20 మొదలు 25 అంగుళపౌనులు చాలును. అనగా అయిదంగుళముల పానా కొనను అయిదు పౌనుల బరువు, రమారమి రెండుంబావు కిలోలు, మోపినంత మాత్రమే. చేయి తిరిగిన కమ్మరి సైతము ఇంతకు మూడింతలు తనకు తెలియకయే త్రిప్పివేయును. అందుచే కొలత చూపు పానా తప్పదు.

చిక్కేమనగా, ఆ కొలపానా పొడవైనది. నట్టు ఉండు చోటు ఇరుకైనది. అట్టిచోట కాకిపాదము వంటి చిన్న ముక్కును పానా కొనకు తగిలింతురు. ఇందొక మోసము కలదు. ముక్కు పానాకు సూటిగా ముందునకు సాగియున్నచో పానా పొడవు పెరిగినట్లే. కొలత చూపిన దానికంటె నట్టుపై బలము హెచ్చుగా పడును. పిడి పట్టిన చోటనుండి పానా పది అంగుళములు, ముక్కు రెండంగుళములు అనుకొందము. కాలంగుళపు బోల్టుకు 60 అంగుళపౌనులు కావలెనన్న, కొలతను 50 దగ్గర నిలుపవలెను: అరువదిని పదిచే హెచ్చించి పండ్రెండుచే భాగించుట. ముక్కును అడ్డముగా, మూలమట్టముగా త్రిప్పి తగిలించినచో ఈ లెక్క అక్కరలేదు. నేను వీలైనచోట నెల్ల అడ్డముగానే పెట్టితిని. రాత్రి పది దాటిన పిమ్మట లెక్కలు తప్పును గదా!

ఇక నట్టును బోల్టు మొనవరకు చేర్చుటయే ఒక విద్య. పానా నోటిలో మైనపు ముద్ద యద్ది నట్టును అంటింతురు. వాషరు జారకుండ దానికి దారము కట్టి, కుదిరిన పిదప లాగివేయుదురు. చవుకైన పానాలను కొని, ఆకురాయితో అరగదీసి, కాచి వంచి వికారరూపములు కల్పింతురు. నా పెట్టెలో అట్టివి పదునాలుగు కలవు. మా యింటి యామె వానికి బొమ్మలకొలువని పేరు పెట్టినది. బోల్టుతలను పైవైపునకో ముందువైపునకో ఉంచుట ఆచారము. నట్టు ఊడిపోయినను బోల్టు తన చోటనే నిలుచునని ఆశ.

ఇప్పుడు నా తప్పు చెప్పవలెను. తోకలోపల, తోకరెక్కను ఎత్తి దింపు కడ్డీ వచ్చి కలియు కీలొకటి కలదు. దానిని చేరుటకు అరచేయి పట్టునంతటి కంత మాత్రమే. ఆ నట్టు కిరీటమువలె గండ్లు గలది; బిగించిన పిదప బోల్టురంధ్రము గుండ కాటరు పిన్నును దూర్చి దాని రెండు కాళ్లను వంచవలెను. ఒకనాటి రేయి వాషరు జారిపడినది. దానిని వదలి ఊరకుండరాదు. అది ఏ కీలు సందుననో చిక్కినచో పైన చుక్కాని బిగుసుకొనును. రెండు గంటలు వెదకి దొరకించుకొంటిని. పిదప నట్టును వ్రేళ్లతో త్రిప్పి ఎక్కించి, పుస్తకమున 'అయినది' అని గీత గీసి పోయి పరుంటిని.

నిద్ర పట్టలేదు. వ్రేళ్లతో ఎక్కించుట జ్ఞప్తికి వచ్చుచున్నది; కొలపానా చప్పుడు జ్ఞప్తికి రాదు. తెల్లవారుజామున లేచి దీపమును, పంటివైద్యుల చిన్న అద్దమును పుచ్చుకొని కంతలో చూచితిని. పిన్ను లేదు. నట్టును తాకగనే తిరిగినది. నేను గీత గీసిన పుస్తకము ప్రక్కనే యున్నది.

ఆ పుస్తకమును నేను చింపలేదు. నాటినుండి బిగించిన ప్రతి నట్టునకు బోల్టునకు కలిపి ఎర్రరంగు చార ఒకటి వేయుట మొదలిడితిని. నట్టు కదలినచో చార విరుగును. చార పడిన పిమ్మటనే పుస్తకమున గీత. అద్దములో చార కనబడనిచో పని కానట్లే. ముందు గీచిన గీతల నన్నిటిని కొట్టివేసి, మూడు వారములు మరల మొదటినుండి చూచితిని. వదులైనది మరొకటి దొరకలేదు. అయినను ఆ మూడు వారములు నాకు దండుగగా తోపలేదు.

విమానము తొలుత నలువది గంటలు నిర్ణీతమైన మేరలో, ప్రయాణికులు లేకుండ ఎగురవలెనని నాకిచ్చిన పత్రమున నుండెను. ఆ గడువు తీరువరకు మా నాయనగారు మా యింటనే వేచియుండిరి. వారు మా యూర నలువదేండ్లు బండి కట్టినవారు. ఈ కథనంతయు వారికి దాచక చెప్పియుంటిని. బయలుదేరు ఉదయమున వారు మెట్టుపై కాలు మోపక, తోకవైపు నడచి, "ఏదిరా, ఆ అద్ద మిటు తే" అనిరి. నేను కంతమూత విప్పి దీపము పట్టితిని. కండ్లజోడు సవరించుకొని చాలసేపు చూచి, "పిన్ను కాళ్లు రెండును వంగియున్నవి. చారయు చెదరలేదు" అని చెప్పి, మూత తామే మూయించి, మరలు నాలుగును నేను బిగించువరకు అచ్చటనే నిలిచి, తరువాత ఎక్కి కూర్చుండిరి.